మామగారు ఎర్రకారు ఇచ్చేసిన ఏడు

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం మా మామగారు తన ఎర్రకారుని తిన్నగా తీసుకెళ్ళి ఒక రైతు ఆరబోసుకున్న మిరపకాయల మీదికి తోలేశారు. కొత్తగా వేసిన గ్రావెల్ రోడ్డనుకున్నారట. కళ్ళం మధ్యదాకా వెళ్ళాక కాయలు టైర్ల కింద పటపటమంటుంటే, "ఈ కాంట్రాక్టరెవడో గానీ కంకర సరిగా తొక్కించలేదు" అని కూడా అనుకున్నారట. ఈలోగా ఘాటు లేచి, పైకప్పు తీసేసిన ఆ కారంతా నిండిపోయింది.

ఆయన తుమ్ముకుంటూ ఇంటికొచ్చారు. ఆయన వెనకాలే సైకిలు మీద ఆ రైతు తుమ్ముకుంటూ వచ్చాడు. గుమ్మంలోకి ఎదురెళ్ళిన మా అత్తగారు తుమ్మారు. మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్ళిన నేను తుమ్మి, మజ్జిగంతా అరుగు మీద ఒలకబోశాను. కాసేపు ఎవరు ఏం చెబుతున్నారో ఎవరికీ తెలియలేదు.

"కాయలదేముందిలెండమ్మా, తొక్కినా కారానికి పనికొస్తాయి," అన్నాడు ఆ రైతు చివరికి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "షావుకారు గారికి చూపు ఆనట్లేదమ్మా. నేను ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి ఆపండాపండని ఊపుతుంటే, దణ్ణం పెడుతున్నాననుకుని ఆయనా నాకు దణ్ణం పెట్టారు."

మా అత్తగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తారు. అక్కడినుంచి వినిపించిన నవ్వుకి మామగారికి కోపం రావాలి. రాలేదు. అరుగు మీద కూర్చుని, "అవునే, నాకు చూపు పోయింది," అన్నారు. అప్పటిదాకా ఆ మాట ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

నేనా ఇంటికి కోడలిగా వెళ్ళి అప్పటికి ఏడాదిన్నర. ఎనభైల మొదట్లో సంగతి ఇది. వినుకొండలో మాకు పత్తి జిన్నింగు మిల్లుండేది. ఇంట్లో నలుగురమే: మామగారు, అత్తగారు, మావారు, నేను. కానీ ఎవరిని అడిగినా ఐదుగురని చెప్పేవాళ్ళు, కారుని కూడా కలుపుకుని.

గుంటూరు పొగాకు కంపెనీలో పనిచేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర ఇరవై ఏళ్ళ కిందట మామగారు దాన్ని కొన్నారు. పందేల కోసం చేసిన కారు. రెండే సీట్లు. నేలకి జానెడెత్తున పొడుగ్గా సాగి, పరిగెత్తబోయే ముందు ఒళ్ళు వంచిన జంతువులా ఉండేది. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పెట్టేయొచ్చు. అలాంటివి దేశం మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయని మామగారు చెప్పేవారు. కార్లు పోగేసే సరదా ఉన్న మద్రాసు పెద్దమనిషి ఒకాయన ఏటా ఉత్తరం రాసేవాడు, అమ్ముతారా అని. మామగారు ఏటా అదే జవాబు రాసేవారు, "ఆరోగ్యంగా ఉంది, మీ అభిమానానికి ధన్యవాదాలు" అని, ఆడపిల్ల సంబంధం వద్దన్నట్టు.

ఆ రెండో సీట్లో ఇరవై ఏళ్ళలో ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు. అత్తగారు కూడా. "ఆ గాలికి నువ్వు తట్టుకోలేవే" అనేవారట మామగారు. అత్తగారు ఆ కారుని పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఆవిడ" అనేవారు. "ఆవిణ్ణి తుడిచారా? ఆవిడకి నూనె పోశారా? ఇంక మీకు అన్నం పెట్టమంటారా?"

మిరపకాయల సంగతి జరిగిన పది రోజులకి మా హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. గుంటూరులో ఒక చిన్న కంటి ఆసుపత్రి వాళ్ళు వచ్చి శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేసేవాళ్ళు. అత్తగారు మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అందరితో పాటు వరసలో నిలబెట్టారు. డాక్టరు గారు బక్కపల్చటి మనిషి, మాటల్ని కూడా పొదుపుగా వాడేవారు. మామగారి ముందు చెయ్యి పెట్టి అడిగారు.

"ఎన్ని వేళ్ళు?"

"మీకు ఎన్ని కావాలి?" అన్నారు మామగారు.

"పడుకోబెట్టండి," అన్నారు డాక్టరు గారు.

ఆ రోజుల్లో ఆపరేషను చేశాక కదలకుండా పడుకోవాలి. ఎనిమిదో తరగతి గదుల్లో చాపల మీద నలభై మంది, కళ్ళకి గంతలతో. మామగారికి నీరసం వచ్చేసింది. ఇంక తనకి చూపు రాదని నిశ్చయించేసుకున్నారు. రెండోరోజు డాక్టరు గారు చూడ్డానికొచ్చి, మాటల మధ్యలో, తమ జీపు పాడైపోయిందనీ, కనిగిరి వైపు ఊళ్ళలో ముసలివాళ్ళు చాలామంది బండి లేక శిబిరానికి రాలేకపోయారనీ అన్నారు. మామగారు పైకప్పు వైపు గంతల కళ్ళు పెట్టి, గది మొత్తం వినేలా అన్నారు:

"డాక్టరు గారూ, నా దగ్గర ఎర్రకారుంది. తీసుకెళ్ళండి. కళ్ళే లేనివాడికి నాకెందుకది?"

నలభై మందీ పడుకునే చప్పట్లు కొట్టారు. ఒకావిడ మామగారిని నూరేళ్ళు బతకమని దీవించింది. మామగారికి అంతలోనే హుషారొచ్చి, "ఇంకేమన్నా కావాలా?" అని కూడా అడిగారు. అత్తగారు గబగబా ఆయన నోట్లో ఇడ్లీ ముక్క పెట్టేశారు.

నెలన్నర తర్వాత సోడాబుడ్డి కళ్ళద్దాలొచ్చాయి. వాటితో మామగారి కళ్ళు ఇంతింత పెద్దవిగా కనిపించేవి. ఆయనకి లోకం కూడా అలాగే పెద్దదిగా కనిపించింది. అద్దాలు పెట్టుకోగానే ముందు అత్తగారి మొహం చూశారు.

"నీ ముక్కుపుడక ఇంతుందా?" అన్నారు.

"పెళ్ళప్పట్నుంచీ ఇంతే ఉందండీ," అన్నారు అత్తగారు. కానీ ఆవిడ చెయ్యి ముక్కుపుడక మీదికి వెళ్ళింది.

తర్వాత గబగబా కారు షెడ్డు వైపు నడిచారు. గుమ్మం ఎక్కడుందో అంచనా దొరక్క రెండుసార్లు తట్టుకున్నారు. కారు మీద కప్పిన దుప్పటి లాగారు. ఎండ పడి కారు ఒక్కసారి భగ్గుమంది. మామగారు అలాగే నిలబడిపోయారు. "ఇది ఇంత పెద్దదెప్పుడైందే? ఇంత ఎర్రగా ఉంటుందా?" అన్నారు. నాలుగేళ్ళుగా ఆయనకి అది గోధుమరంగులో కనిపిస్తోందట, తీరా చెబితే మేం కంగారు పడతామని చెప్పలేదట. కారు చుట్టూ తిరిగారు. తలుపులు తడిమారు. లాంతర్లలాంటి ఆ ముందు దీపాల్లో తన మొహం చూసుకున్నారు. ఉన్నట్టుండి మావైపు తిరిగారు.

"దీన్నా నేను ఇచ్చేశానన్నది?"

అత్తగారు దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టారు.

మావారు నెమ్మదస్తుడు. ఆయనే ఒక దారి చెప్పారు. "నాన్నగారూ, వాళ్ళకి కావలసింది జీపేగా. పాత జీపొకటి చూసి పంపిద్దాం. కారు మన దగ్గరే ఉంటుంది."

"మీ నాన్న ఇస్తానన్నది జీపా?" అన్నారు అత్తగారు.

"అది కాదమ్మా..."

"నలభై మంది విన్నారు. నేనూ విన్నాను. ఎర్రకారన్నారు."

మామగారు రెండు రోజులు షెడ్డుకీ ఇంటికీ మధ్య తిరిగారు. మూడోరోజు పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా వంగి, రెండు ఉత్తరాలు రాశారు. ఒకటి డాక్టరు గారికి, నెలరోజుల్లో కారు తీసుకొచ్చి అప్పగిస్తానని. రెండోది మద్రాసు పెద్దమనిషికి. "కారు ఇక నాది కాదు. ఆసుపత్రి వారిని అడగండి. రోగుల్ని తిప్పే కొత్త వ్యాను ఒకటి కొనిచ్చి కారు పట్టుకెళ్ళండి. వేరే బేరం లేదు" అని.

ఆ ఉత్తరాలు డబ్బాలో వేసి వస్తూనే ఆయన మనిషి మారిపోయారు. "నెల ఉంది," అన్నారు చేతులు రుద్దుకుంటూ. "ఈ నెలా ఆవిడ షెడ్డులో నిద్రపోకూడదు."

చిక్కేమిటంటే ఆ కళ్ళద్దాలతో కారు నడపొద్దని డాక్టరు గారు ఖచ్చితంగా చెప్పారు. మావారికి ఆ కారంటే చిన్నప్పట్నుంచీ భయం. మిల్లు లారీ డ్రైవరు భారీ మనిషి. సీట్లోకి దిగాడు గానీ స్టీరింగు కింద మోకాళ్ళు ఇరుక్కుని మళ్ళీ లేవలేకపోయాడు. ఇద్దరు హమాలీలు చంకల కింద చేతులు వేసి లాగితే బయటపడ్డాడు. అప్పుడు మామగారి సోడాబుడ్డి చూపు నామీద పడింది. వడియాలు పెడుతున్నాను.

"ఏమ్మాయ్, సైకిలొచ్చా నీకు?"

"వచ్చండి మామయ్యగారూ."

"అయితే కారొచ్చినట్టే. చేతులు కడుక్కునిరా."

మొదటిరోజు ఊరవతల నల్లరేగడి చేల పక్క దారిలో ఆ కారు నా చేతుల్లో గెంతిన గెంతులు నేను చెప్పలేను. క్లచ్చి వదలగానే ముందుకి దూకేది, ఆగేది, మళ్ళీ దూకేది. మామగారు పక్క సీట్లో కళ్ళద్దాలు రెండు చేతులా పట్టుకుని, "భలే! భలే! ఇంకోసారి!" అనేవారు. పత్తి తీస్తున్న ఆడవాళ్ళు ఒడులు అలాగే పట్టుకుని గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. ఒకామె, "ఏందమ్మా, దాన్ని నువ్వు తోల్తన్నావా, అది నిన్ను తోల్తందా?" అని అరిచింది. నవ్వుతో నాకు బ్రేకు ఎక్కడుందో గుర్తు రాలేదు. కారు వెళ్ళి కంది చేలో ఆగింది.

వారం తిరిగేసరికి కారు నా మాట వింది. అది పరిగెత్తుతుంటే ఒళ్ళంతా ఒక గిలి పుట్టేది. పెళ్ళికి ముందు గానీ తర్వాత గానీ నాకు అలాంటిది తెలియదు. ఇంజను చప్పుడు వీపులోంచి వినిపించేది. మిరప కళ్ళాలు ఎర్రగా, పత్తి చేలు తెల్లగా, తుమ్మచెట్లు పచ్చగా ఒకదాన్నొకటి తరుముకుంటూ వెనక్కి పోయేవి. ఊళ్ళో బడి ముందునుంచి వెళ్తే హెడ్‌మాస్టరు గారు పాఠం ఆపేసేవారు. పిల్లలు ఎలాగూ వినరని.

ఒకరోజు నేను సంతోషంగా అన్నాను, "మామయ్యగారూ, అరవై మీద వెళ్తున్నాం. మీ అబ్బాయి స్కూటరు మీద ఇంతే వస్తారు. అంత వేగమేం కాదే ఇది!"

"అవి మైళ్ళమ్మా," అన్నారు మామగారు ప్రశాంతంగా.

నేను గట్టిగా ఒక కేక పెట్టి, కాలు తీసేశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. కాసేపయ్యాక, "తీసేశావేం? ఇందాకటిదాకా బాగానే తొక్కావుగా," అన్నారు. అది నిజమే అనిపించింది. మళ్ళీ తొక్కాను.

నరసరావుపేటలో లైసెన్సు పరీక్షకి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి వచ్చేశారు. ఎనిమిది అంకెలా తిప్పి చూపించమన్నారు. చూపించాను. పక్కన కూర్చుని చూస్తానన్నారు. కూర్చున్నారు. ఎనిమిది అయిపోయింది, రివర్సు అయిపోయింది, ఎత్తు మీద ఆపి కదిలించడమూ అయిపోయింది. ఆయన దిగలేదు. "ఇంకొక్క రౌండు వెయ్యమ్మా, సరిగా చూళ్ళేదు," అంటూ నాలుగుసార్లు తిప్పించుకున్నారు.

నెల అయిపోయింది.

అప్పగించే రోజు పొద్దున్నే మామగారు తెల్లటి పంచె కట్టుకుని, తలకి రుమాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి పక్క సీట్లో అత్తగారు కూర్చుని ఉన్నారు. కొంగు తల చుట్టూ బిగించి కట్టుకున్నారు. ఒళ్ళో పులిహోర క్యారేజి.

"ఏంటే ఇది?" అన్నారు మామగారు.

"ఇరవై ఏళ్ళు మీరు కూర్చున్నారు. ఈ ఒక్కరోజు నేను కూర్చుంటాను."

"మరి నేనెలా రావాలి?"

"పత్తి బేళ్ళ లారీ గుంటూరే వెళ్తోంది. అందులో రండి."

మామగారు నావైపు చూశారు. నేను స్టీరింగు వైపు చూసుకున్నాను. మావారు అప్పటికే లారీ క్యాబిను తలుపు తీసి పట్టుకున్నారు. ఆయన మొహంలో నవ్వు ఎక్కడ దాచారో గానీ చెవులు ఎర్రబడ్డాయి.

లారీ మాకంటే ముందు బయల్దేరింది. ఊరు దాటిన పది నిమిషాలకే దాన్ని అందుకున్నాం. బేళ్ళ మధ్యనుంచి పత్తి పింజలు ఎగిరొచ్చి అత్తగారి కొంగుకి, నా కనురెప్పలకి అంటుకుంటున్నాయి. క్యాబినులోంచి మామగారు సగం బయటికి వంగి, "గేరు మార్చు! మూడోది! మూడోదీ!" అని అరుస్తున్నారు.

"దాటేయ్," అన్నారు అత్తగారు.

దాటేశాను. ఆయన కేక గాల్లో సన్నబడి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. నేను అత్తగారికి భయం వేస్తుందని నెమ్మదిగానే పోతున్నాను. ఆవిడ ఒక చేత్తో క్యారేజి, ఒక చేత్తో తలుపు పట్టుకుని ముందుకి చూస్తున్నారు.

"ఇంతేనా?" అన్నారు కాసేపటికి.

"ఇంకా వెళ్తుందండి."

"వెళ్ళనీ మరి. దానికీ ఇదే ఆఖరు, నాకూ ఇదే ఆఖరు."

తొక్కాను. కొంగు ముడి ఊడిపోయింది. తర్వాత జుట్టు ముడి కూడా ఊడి, నెరిసిన జుట్టంతా వెనక్కి జెండాలా ఎగిరింది. నేను కంగారుగా పక్కకి చూస్తే ఆవిడ నోరు తెరిచి నవ్వుతున్నారు. గాలి నోట్లోకి వెళ్ళి మాట రావట్లేదు, చేత్తో ముందుకి, ముందుకి అని చూపిస్తున్నారు. యాభై రెండేళ్ళ మా అత్తగారు, ఏకాదశి ఉపవాసాలుండే మనిషి, ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సుకి చెయ్యెత్తి పెద్దగా కేకేశారు. డ్రైవరు బదులుగా పొడుగ్గా హారను కొట్టాడు.

నరసరావుపేట దాటాక రైలు గేటు పడింది. క్షణంలో మా చుట్టూ జనం. జట్కా వాళ్ళు, తాటిముంజెలమ్మేవాళ్ళు, పెళ్ళికెళ్తున్న ఒక ట్రాక్టరు నిండా మనుషులు. అత్తగారు తాపీగా జుట్టు ముడేసుకుని, క్యారేజి విప్పి, కాగితం ముక్కల్లో అందరికీ పులిహోర పంచారు. "ఎవరిదమ్మా కారు?" అని ట్రాక్టరులో పెద్దాయన అడిగితే, "మాదే. కంటాసుపత్రికి ఇచ్చేస్తున్నాం," అన్నారు. మాదే అన్న మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు.

రైలు వెళ్ళి గేటు లేచాక నాతో మెల్లగా అన్నారు, "ఈయన దీన్ని తెచ్చిన రోజు నేను అన్నం తినలేదే. వారం పాటు మాట్లాడలేదు. ఇంత బాగుంటుందని ఒక్కసారి ఎక్కించి చూపించుంటే ఏం పోయేది?"

"ఇప్పుడు చెప్తారా ఆయనతో?"

"చెప్పను. పొంగిపోతారు."

ఆసుపత్రి ఆవరణలోకి మేం వెళ్ళేసరికి కళ్ళకి ఆకుపచ్చ గుడ్డలు కట్టుకున్న రోగులు గోడలు తడుముకుంటూ బయటికొచ్చారు. ఒక్క కన్ను కనిపించేవాళ్ళు రెండు కళ్ళూ కట్టినవాళ్ళకి కారు ఎలా ఉందో చెబుతున్నారు. ఒక తాత దాని ముందుభాగం మీద చెయ్యేసి, "దున్నపోతంత వెచ్చగా ఉంది," అన్నాడు.

మద్రాసు పెద్దమనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. మాకు నమస్కారం పెట్టడం కూడా మర్చిపోయి, ఆ తెల్ల బట్టలతోనే మట్టిలో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరిపోయాడు. బూట్లు మాత్రం బయట ఉండి ఆడుతున్నాయి. కాసేపటికి కిందనుంచే, "ఇంజను నంబరు అసలుదే! అసలుదే!" అని ఏడుపు గొంతుతో వినిపించింది. కొనివ్వాల్సిన వ్యాను కూడా తెచ్చేశాడు. అది ఆసుపత్రి గోడ పక్కన, కొత్త పెయింటు వాసనతో, పెట్టెలా నలుచదరంగా నిలబడి ఉంది.

రెండు గంటల తర్వాత లారీ వచ్చింది. మామగారు దిగారు. రుమాలు నిండా, మీసాల నిండా పత్తి. దారిపొడుగునా డ్రైవరు గేర్లు మార్చే పద్ధతి దిద్దుకుంటూ వచ్చారట. ఆ డ్రైవరు మాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా టీ కోసం వెళ్ళిపోయాడు.

నేను కారు తాళంచెవి మామగారి చేతికిచ్చాను. డాక్టరు గారు చెయ్యి చాపారు. మామగారు తాళంచెవి ఆ చేతి దాకా తీసుకెళ్ళి, తన జేబులో పెట్టేసుకున్నారు.  మద్రాసు పెద్దమనిషి మొహం పాలిపోయింది.

"మీకు ఇష్టం లేకపోతే..." అన్నారు డాక్టరు గారు.

"ఇష్టం లేదండి," అన్నారు మామగారు. "నిజం చెప్తున్నా, నాకు అస్సలు ఇష్టం లేదు. అందుకే ఇప్పుడే తీసేసుకోండి. రేపటికైతే ఇవ్వను."

తాళంచెవి తీసి డాక్టరు గారి చేతిలో పెట్టి, ఆ చేతిని తనే మూసేశారు. డాక్టరు గారు మొట్టమొదటిసారి గట్టిగా నవ్వారు. కళ్ళకి గుడ్డలు కట్టుకున్న జనం కూడా ఏం జరిగిందో పూర్తిగా తెలియకుండానే నవ్వారు. మద్రాసు పెద్దమనిషి తోలుకెళ్తున్న కారు గేటు దాటేదాకా మామగారు దానివైపే చూశారు. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. అత్తగారు ఆయన మీసం మీది పత్తి పింజలు ఒక్కొక్కటే తీస్తూ పక్కన నిలబడ్డారు.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో, ముగ్గురం ఒకే సీట్లో. మామగారు దిగులుగా ఉంటారేమోనని నేను భయపడ్డాను. బస్సు కదిలిన ఐదు నిమిషాలకి ఆయన, "వ్యాను చూశావా అమ్మాయ్? స్టీరింగు బాగుంది. ఆసుపత్రికి ఇంకా డ్రైవరు దొరకలేదట," అన్నారు.

"మామయ్యగారూ!"

"ఆదివారాలే. కనిగిరి రోడ్డు. డాక్టరు గారితో మాట్లాడేశాను."

మిల్లు చూసుకోడానికి ఊళ్ళోనే ఉండిపోయిన మావారు ఒప్పుకోరనుకుంటూనే ఇంటికెళ్ళి చెప్పాను. "నేనొద్దంటే ఆగుతారా మీరు?" అన్నారు, టిఫిను కట్టివ్వమని అత్తగారికి చెప్పి.

అలా మే నెలాఖర్లో ఒక ఆదివారం పొద్దున కనిగిరి అవతల ఊళ్ళనుంచి పదకొండుమంది ముసలమ్మల్ని, ముసలయ్యల్ని ఎక్కించుకుని గుంటూరు బయల్దేరాం. పక్క సీట్లో మామగారు. వాళ్ళలో చాలామంది అంతకు ముందు బస్సు తప్ప మరేదీ ఎక్కలేదు. రోడ్డు గుంతల్లో వ్యాను ఎగిరినప్పుడల్లా వెనకనుంచి "అమ్మో!" అని ఒకటే కేక, ఆ వెంటనే ఒకటే నవ్వు. ముందు ఒక మిరప బస్తాల లారీ నింపాదిగా పోతోంది.

"దాటేయమ్మాయ్," అన్నారు మామగారు.

"ఇది ఆ కారు కాదండి మామయ్యగారూ."

వెనకనుంచి చూపులేని ఒక ముసలమ్మ నా భుజం మీద చెయ్యేసింది. "ఏంది తల్లీ దాటేది?"

"లారీ అవ్వా."

"పెద్దదా?"

"పెద్దదే."

"అయితే దాటేయ్, చూద్దాం," అంది అవ్వ. వెనకున్న పదిమందీ గట్టు మీద కోడిపందెం చూస్తున్నట్టు అరవడం మొదలుపెట్టారు. నేను గేరు మార్చి, హారను మీద చెయ్యేసి, తొక్కాను.